ట్రైసోమీ 18, ట్రైసోమీ 13: మనుగడ అంకెలను ఎలా చదవాలి, తల్లిదండ్రులకు ఏది చెప్పాలి?

కౌన్సెలింగ్_డెస్క్

అందరికీ నమస్కారం. గర్భంలో ఉండగానో పుట్టిన వెంటనేనో ట్రైసోమీ 18 లేదా 13 (18వ లేదా 13వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం) అని తేలిన బిడ్డల తల్లిదండ్రుల చేతికి ఇచ్చేందుకు రెండు పేజీల సమాచార పత్రం రాస్తున్నాం. "ఎంతకాలం బతుకుతుంది?" అన్న పేరా దగ్గర పని ఆగింది.

పాత పాఠ్యపుస్తకాల్లో ఏడాది దాటేవారు 5 నుంచి 10 శాతం అని ఉంటుంది. అమెరికా తొమ్మిది రాష్ట్రాల లెక్కలో 13 శాతం. కెనడాలోని ఒంటారియోలో ట్రైసోమీ 13కు దాదాపు 20. జపాన్‌లోని నగానోలో ఒక ఆస్పత్రి ట్రైసోమీ 18కి 25 అంటోంది. మరోపక్క మధ్యగత ఆయుష్షు (సగం మంది పోయిన రోజు) 5 రోజులు, 8 రోజులు అని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే చదివే తల్లికి ఏం అర్థమవుతుంది?

అడిగేవి మూడు. మనుగడ నిజంగా పెరిగిందా, లెక్క పద్ధతి మారిందా? ఆపరేషన్ చేయించినవాళ్లలో 70 శాతం ఏడాది బతికారంటున్నారు, దాన్ని రాయొచ్చా? పత్రంలో చివరికి ఏ అంకె ఉండాలి?

గణాంకమిత్ర

మీరు చెప్పినవన్నీ సరైన అంకెలే, కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. ముందు అన్నిటినీ ఒకచోట పెడతాను.

అట్లాంటా మహానగర ప్రాంతం, 1968–1999 జననాలు: మధ్యగతం ట్రైసోమీ 18కి 14.5 రోజులు, 13కి 7 రోజులు. మీ పాఠ్యపుస్తకాల 5–10 శాతం దాదాపు ఈ కాలపు లెక్కల నుంచి వచ్చిందే.

అమెరికా తొమ్మిది రాష్ట్రాలు, 1999–2007: ట్రైసోమీ 18తో 1,113 మంది, 13తో 693 మంది. మధ్యగతం 8 రోజులు, 5 రోజులు. ఏడాది దాటినవారు 13.4 శాతం, 11.5 శాతం. ఐదేళ్లకు 12.3, 9.7.

ఒంటారియో, 1991–2012: ట్రైసోమీ 18తో 254 మంది, 13తో 174 మంది. మధ్యగతం 9 రోజులు, 12.5 రోజులు. ఏడాదికి 12.6, 19.8. పదేళ్లకు 9.8, 12.9.

యూరప్‌లో పుట్టుక లోపాలను నమోదు చేసే 13 రిజిస్ట్రీలు కలిపి, 1995–2014: నాలుగు వారాలకు ట్రైసోమీ 18లో 38 శాతం, 13లో 34. ఏడాదికి 11, 17. పదేళ్లకు 8, 11.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. అట్లాంటా నుంచి తొమ్మిది రాష్ట్రాలకు వచ్చేసరికి ట్రైసోమీ 18 మధ్యగతం 14.5 నుంచి 8కి పడిపోయింది, ఏడాది శాతం మాత్రం పెరిగింది. ప్రాంతాలు వేరు కాబట్టి నేరుగా పోల్చలేం, నిజమే. అయినా ఇందులో వింతేమీ లేదు. మధ్యగతం అంటే సగం మంది పోయిన రోజు. ఈ పిల్లల్లో ఆ రోజు మొదటి రెండు వారాల్లోనే పడుతుంది కాబట్టి ప్రసవ గదిలో ఏం చేశారన్నదాని మీదే అది ఎక్కువగా ఆధారపడుతుంది. గర్భంలోనే తెలిసి, ఉపశమన వైద్యం చాలని ముందే నిర్ణయించుకున్న కుటుంబాలు ఎక్కువైతే మధ్యగతం కిందికి జారుతుంది. అదే సమయంలో చికిత్స తీసుకున్న కొద్దిమంది ఎక్కువ కాలం బతికితే మనుగడ గీత (రోజులు గడిచేకొద్దీ ఎందరు మిగిలారో చూపే గీత) తోక పైకి లేస్తుంది. రెండూ ఒకేసారి జరగొచ్చు.

ఇక వేళ్ల మీద వేసుకోగల లెక్క ఒకటి. ట్రైసోమీ 18లో 13.4 మంది ఏడాది దాటితే 12.3 మంది ఐదేళ్లు దాటారు. అంటే ఏడాది నిండిన బిడ్డ ఐదేళ్లు చేరే అవకాశం దాదాపు 92 శాతం. ట్రైసోమీ 13లో 84. ఒంటారియోలో ఏడాది నుంచి పదేళ్లకు చూస్తే 78, 65 వస్తాయి. యూరప్‌లో నాలుగు వారాలు దాటిన బిడ్డ పదేళ్లు చేరే అవకాశం ట్రైసోమీ 18లో 21 శాతం, 13లో 32. గీత మొదటి నెలలో కొండచరియలా పడి, ఏడాది తర్వాత దాదాపు చదునుగా సాగుతుంది. "5 రోజులు" అన్న మాట చరియ గురించే చెబుతుంది. బిడ్డకు ఆరో నెల నడుస్తున్న కుటుంబానికి అదే మాట చెప్పడం తప్పుడు సమాచారం ఇవ్వడమే.

ఒక హెచ్చరిక. ఒంటారియోలో 254 మందిలో ఏడాది దాటింది దాదాపు 32 మంది. అక్కడి నుంచి ముందుకు తీసే శాతాలన్నీ ఆ కొద్దిమంది మీదే నిలబడ్డాయి. దశాంశాలు పత్రంలోకి రానివ్వకండి.

జన్యు_పట్టిక

గణాంకమిత్ర గారి లెక్కకు ముందు మెట్టు ఒకటుంది: ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు?

ట్రైసోమీ 18 పిండాల్లో 12 వారాల దగ్గర గుర్తించినవాటిలో దాదాపు 72 శాతం ప్రసవం దాకా నిలవవు. ట్రైసోమీ 13లో ఆ సంఖ్య 49 శాతం. కాబట్టి సజీవంగా పుట్టినవారి అంకెను గర్భిణికి చెబితే తప్పు, గర్భం నుంచి లెక్కించిన అంకెను ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) బిడ్డ పక్కన నిలబడ్డ తండ్రికి చెబితే తప్పు. పత్రం రెండు రకాలుగా ఉండాలి. కనీసం రెండు వేర్వేరు పేరాలైనా ఉండాలి.

రెండోది మొజాయిక్. కొన్ని కణాల్లోనే అదనపు క్రోమోజోమ్ ఉండేవారు ట్రైసోమీ 18లో దాదాపు 5 శాతం. వీళ్ల స్థితి చాలా తేలికపాటి నుంచి పూర్తి ట్రైసోమీ దాకా ఎక్కడైనా ఉండొచ్చు, సగటున మనుగడ మెరుగు. ఆస్పత్రి కోడ్‌ల నుంచి తీసిన అధ్యయనాల్లో ఇక్కడే చిక్కు వస్తుంది. జబ్బుల అంతర్జాతీయ కోడ్‌ల జాబితా ఐసీడీ తొమ్మిదో సవరణలో పటావ్‌కు (ట్రైసోమీ 13) 758.1, ఎడ్వర్డ్స్‌కు (ట్రైసోమీ 18) 758.2, అంతే. మొజాయిక్‌కు వేరే గడి లేదు. పదో సవరణలో క్యూ91.0 నుంచి క్యూ91.3 దాకా ట్రైసోమీ 18కి, క్యూ91.4 నుంచి క్యూ91.7 దాకా 13కి ఇచ్చి, మొజాయిక్‌ను, ట్రాన్స్‌లొకేషన్‌ను (అదనపు క్రోమోజోమ్ ఇంకోదానికి అతుక్కున్న రకం) విడదీశారు. అయినా చాలాచోట్ల "వివరం లేని" గడిలోనే నమోదు చేస్తారు. పాత కోడ్‌ల లెక్కలో పదేళ్లు దాటినవారిని చూసినప్పుడు అందులో మొజాయిక్ పిల్లలు కొందరు ఉండొచ్చని గుర్తుపెట్టుకోవాలి. కారియోటైప్‌తో (క్రోమోజోములను లెక్కించి చూసే పరీక్షతో) సరిచూసిన రిజిస్ట్రీలకు ఎక్కువ విలువ ఇవ్వాలి.

మూడోది దీనికి తలకిందులు. పుట్టిన గంటల్లోనే పోయి, రక్తం నమూనా కూడా తీయని బిడ్డ లెక్కలోకే రాదు. అలాంటివారు ఎందరు జారిపోతే మనుగడ శాతం అంత ఎక్కువగా కనిపిస్తుంది. గర్భంలో పరీక్షలు పెరిగాక ఈ జారుడు తగ్గింది. అంటే పాత లెక్కలు అసలు కన్నా కాస్త మెరుగ్గా కనిపించి ఉండొచ్చు.

శిశువైద్య_నైట్‌డ్యూటీ

పద్ధతి గురించి ఇద్దరూ బాగా చెప్పారు. మంచం పక్కన ఏం జరుగుతుందో కూడా చూడాలి, ఎందుకంటే అంకెలు పుట్టేది అక్కడే.

ట్రైసోమీ 18, 13 రెండింటినీ 1960లో వర్ణించారు, ఒకటి జాన్ ఎడ్వర్డ్స్ బృందం, రెండోది క్లౌస్ పటావ్ బృందం. ఆ తర్వాత దశాబ్దాల పాటు "ప్రాణాంతకం", "జీవితానికి పొసగనిది" అన్న ముద్ర ఉండిపోయింది. 2000 నాటి నవజాత శిశు పునరుజ్జీవన మార్గదర్శకాల్లో, పునరుజ్జీవనం మొదలుపెట్టకపోయినా సరే అన్న ఉదాహరణల్లో నిర్ధారితమైన ట్రైసోమీ 13, 18 ఉన్నాయి. ఊపిరి అందించరు, బిడ్డ పోతుంది, ఆ మరణం మళ్లీ "ప్రాణాంతకం" అన్నదానికి రుజువుగా లెక్కలోకి ఎక్కుతుంది. ఈ వలయాన్ని ముందు పెట్టుకోకుండా పాత శాతాలు చదవకూడదు.

నగానో పిల్లల ఆస్పత్రి లెక్క అందుకే ముఖ్యం. 24 మంది ట్రైసోమీ 18 పిల్లలు. అవసరమైతే సిజేరియన్, పుట్టగానే పునరుజ్జీవనం, వెంటిలేటర్, అన్నవాహిక, పేగు లోపాలకు ఆపరేషన్, గుండెకు మందులు. గుండె ఆపరేషన్ మాత్రం లేదు. మధ్యగతం 152.5 రోజులు, ఏడాది దాటింది 25 శాతం. అంటే మామూలు నవజాత శిశువుకు ఇచ్చే వైద్యమే ఇస్తే మధ్యగతం రోజుల నుంచి నెలలకు వెళ్లింది. ఇంకో సంగతి కూడా అదే లెక్క చెబుతుంది. గుండె ఆపరేషన్ తప్ప అన్నీ చేసినా నలుగురిలో ముగ్గురు ఏడాదిలోపే పోయారు. ఆ రెండు వాక్యాలూ పత్రంలో పక్కపక్కన ఉండాలి. ఒకటే రాస్తే ఏదో ఒక పక్షానికి వకాల్తా అవుతుంది.

ఎందుకు పోతారన్నది కూడా మారింది. మొదటి రోజుల్లో ఊపిరి ఆగిపోవడం, నెలలు నిండకపోవడం, మరీ తక్కువ బరువు. ఆ తర్వాత గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అధిక పీడనం, న్యుమోనియా. తొమ్మిది రాష్ట్రాల లెక్కలో మరణాన్ని అన్నిటికంటే బలంగా ప్రభావితం చేసింది గర్భకాలం. 38 వారాలకు పుట్టిన ట్రైసోమీ 18 బిడ్డను, 31 వారాలకు పుట్టిన బిడ్డను ఒకే శాతంతో కొలవకూడదు. ఆడపిల్లలు మగపిల్లల కంటే మెరుగ్గా నిలుస్తారన్నది కూడా చాలా లెక్కల్లో కనిపిస్తుంది. ట్రైసోమీ 13లో మెదడు ముందు భాగం రెండుగా విడిపోని హోలోప్రొసెన్సెఫలీ ఉంటే, అందులోనూ తీవ్ర రకమైతే, అవకాశం బాగా తగ్గుతుంది. కాబట్టి ట్రైసోమీ 13 బిడ్డకు తల అల్ట్రాసౌండ్ మొదటి రోజే చేయించాలి.

కౌన్సెలింగ్_డెస్క్

చాలా ఉపయోగం. మరి ఆపరేషన్ తర్వాత 70 శాతం సంగతి? ఒక తల్లిదండ్రుల బృందం ఆ అంకెను పెద్ద అక్షరాల్లో పెట్టమంటోంది.

గణాంకమిత్ర

పెట్టకండి, కనీసం విడిగా పెట్టకండి. ఆ అంకె ఒంటారియోదే. ట్రైసోమీ 13లో 41 మందికి, 18లో 35 మందికి ఏదో ఒక ఆపరేషన్ జరిగింది. మొదటి ఆపరేషన్ తర్వాత ఏడాది బతికింది 70.7, 68.6 శాతం. అది నిజమైన అంకే. అయితే మొదటి ఆపరేషన్ నాటికి బిడ్డ వయసు మధ్యగతం ట్రైసోమీ 13లో 92 రోజులు, 18లో 205.5 రోజులు. అంటే ట్రైసోమీ 18లో ఆపరేషన్ బల్ల దాకా వచ్చినవారిలో సగం మంది అప్పటికే ఆరు నెలలు దాటేశారు, అంటే చరియ దిగిపోయి చదును మీద ఉన్నారు. వాళ్లను ఐదో రోజు పోయిన బిడ్డతో పోల్చి "ఆపరేషన్ వల్ల 13 శాతం 70 అయింది" అంటే, ఆపరేషన్ దాకా బతికిన కాలాన్ని కూడా ఆపరేషన్ ఖాతాలో వేసినట్టే.

సరైన పద్ధతి ఇది. ఆపరేషన్‌ను కాలంతో మారే అంశంగా తీసుకోవాలి. బిడ్డ ఆపరేషన్ రోజు దాకా "చేయించుకోని" జట్టులో, ఆ రోజు నుంచి "చేయించుకున్న" జట్టులో లెక్కకు రావాలి. అది కుదరకపోతే ఒక గీటు రోజు పెట్టుకోవాలి, ఉదాహరణకు 90వ రోజు. ఆ రోజు బతికున్నవారిని మాత్రమే తీసుకుని, అప్పటికి ఆపరేషన్ అయినవారిని, కానివారిని అక్కడి నుంచి ముందుకు పోల్చాలి. ఇది చేసినా ఎంపిక ప్రభావం పోదు. కాస్త గట్టిగా ఉన్న బిడ్డకే సర్జన్ ఒప్పుకుంటారు.

అన్నట్టు, ఆ ఆపరేషన్లన్నీ గుండెవి కావు. పొట్టకు గొట్టం వేయడం దగ్గర నుంచి చాలా రకాలు ఉన్నాయి.

గుండె_విభాగం

గణాంకమిత్ర గారు చెప్పిన ఎంపిక ప్రభావం నిజమే. కానీ దాన్ని పట్టుకుని "ఆపరేషన్ వల్ల ఏమీ లేదు" అనే వైపు జారకూడదు. గుండెలో జరిగేది తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది.

ట్రైసోమీ 18 పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి గుండె లోపం ఉంటుంది. ఎక్కువగా పెద్ద వీఎస్‌డీ (గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం), పీడీఏ (పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం తెరిచే ఉండటం), వాటితోపాటు ఒకటికి మించిన కవాటాలు మందంగా ఉండటం. వీటిలో చాలావరకు సాంకేతికంగా సరిచేయగలిగినవే. అదనపు క్రోమోజోమ్ లేని బిడ్డకైతే ఇదే వీఎస్‌డీని మూసేసి ఇంటికి పంపుతారు.

గమనించాల్సింది ఊపిరితిత్తుల పీడనం. మామూలుగా పుట్టిన 4–6 వారాలకు ఊపిరితిత్తుల రక్తనాళాల నిరోధం తగ్గుతుంది, అప్పుడు రంధ్రం గుండా రక్తం ఎక్కువగా వెళ్లి ఆయాసం, చెమట, పాలు తాగలేకపోవడం మొదలవుతాయి. ట్రైసోమీ 18లో కొందరికి ఆ నిరోధం సరిగా తగ్గదు. తగ్గినా త్వరగా మళ్లీ పెరుగుతుంది. అలాంటి బిడ్డకు ఆయాసం కనిపించదు. ఇంట్లోవాళ్లు బిడ్డ కుదురుకుంది అనుకుంటారు, మూడో నెలలో ఉన్న ఆయాసం ఆరో నెలలో తగ్గిందని సంతోషిస్తారు. ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) చూస్తే రంధ్రం గుండా రక్తం రెండు వైపులా వెళ్తుంటుంది. రంధ్రం అంతే ఉండి, మందుల మార్పు లేకుండా ఆయాసం తగ్గితే అది పరుగున ఎకో చేయించాల్సిన సూచన.

రక్తనాళం ద్వారా గుండెలోకి సన్నని గొట్టం పంపే క్యాథెటర్ పరీక్షలో ఊపిరితిత్తుల నిరోధ సూచిక 4 వుడ్ యూనిట్ల (ఆ నిరోధాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉంటే మూసేయడం గురించి ఆలోచించవచ్చు. 8 దాటితే మూయడమే ప్రమాదం, కుడి జఠరికకు (గుండె కింది కుడి గదికి) ఒత్తిడి తప్పించుకునే దారి పోతుంది. మధ్యలో ఉన్నవారికి ఆక్సిజన్, నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చి ఎంత తగ్గుతుందో చూస్తారు. అందుకే "ఏడాది దాటితే అప్పుడు ఆలోచిద్దాం" అనే విధానం ఈ పిల్లలకు చేటు. ఏడాది దాటేసరికి తలుపు మూసుకుపోయి ఉండొచ్చు.

2 కిలోల బిడ్డకు గుండె–ఊపిరి యంత్రం మీద పూర్తి మరమ్మతు కష్టమనిపిస్తే ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పల్మనరీ ధమనికి పట్టీ వేసి ప్రవాహం తగ్గిస్తారు. సాదా వీఎస్‌డీకి పట్టీ చుట్టుకొలత స్థూలంగా 20 మిల్లీమీటర్లు, దానికి కిలోకి 1 మిల్లీమీటర్ కలపాలి. 2 కిలోలకు 22 దగ్గర మొదలుపెట్టి, పట్టీకి అవతలి పీడనం, ఆక్సిజన్ శాతం చూస్తూ సర్దుతారు. మరీ బిగిస్తే బిడ్డ నీలమవుతుంది, వదులైతే ఉపయోగం ఉండదు. బరువు పెరిగాక పట్టీ తీసి రంధ్రం మూయాలి. కొందరు ఆ రెండో ఆపరేషన్ దాకా రారు.

మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాల్సినవి: చిన్న దవడ, పొట్టి రొమ్ము ఎముక, ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ నుంచి బయటపడటం ఆలస్యం కావచ్చు, ట్రాకియాస్టమీ (ఊపిరికి గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టడం) అవసరం పడొచ్చు. ఆ చివరి మాట ఆపరేషన్‌కు ముందే తల్లిదండ్రులతో మాట్లాడాలి. తర్వాత చెబితే వాళ్లకు ఎంచుకునే వీలు ఉండదు.

శిశువైద్య_నైట్‌డ్యూటీ

గుండె_విభాగం గారూ, చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్కచోట తప్ప. "తలుపు మూసుకుపోతుంది" అన్న మాటతో కుటుంబాన్ని మొదటి వారంలోనే తొందరపెట్టకూడదు. ఊపిరి ఆగే ఘటనలు ఎంత తరచుగా వస్తున్నాయో తేలకుండా గుండె మరమ్మతు చేస్తే, గుండె బాగై ఆప్నియాతో బిడ్డ పోయే అవకాశం ఉంది.

ముందు ఆప్నియా రకం తేల్చాలి. ఊపిరి 20 సెకన్లకు మించి ఆగడం, లేదా అంతకు తక్కువే ఆగినా గుండె వేగం, ఆక్సిజన్ పడిపోవడం. ఛాతీ కదులుతూ గాలి వెళ్లకపోతే అడ్డంకి. దవడ చిన్నది కాబట్టి నాలుక వెనక్కి పడుతుంది. పక్కకు పడుకోబెట్టడం, ముక్కు ద్వారా గొంతు దాకా గొట్టం, సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపడం) దానికి పనిచేస్తాయి. ఛాతీయే కదలకపోతే మెదడు నుంచి సంకేతం రాలేదన్నమాట, దానికి కెఫీన్ ప్రయత్నిస్తారు. మూడోది తరచుగా తప్పిపోయేది: మూర్ఛ ఆప్నియా రూపంలో రావడం. కెఫీన్‌కు తగ్గక, కళ్లు ఒకవైపు తిరుగుతూ ఊపిరి ఆగితే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) చేయించాలి. మూడింటికీ "ట్రైసోమీ కదా, అంతే" అని ఒకే మాట చెప్పి వదిలేస్తే బాగయ్యేది కూడా బాగవ్వదు.

గుండె_విభాగం

మొదటి వారంలో తొందరపెట్టమని నేనూ అనను. మొదటి నెలలో ఎకో, రెండు మూడు నెలల మధ్య మళ్లీ ఎకో, అప్పుడు నిద్ర పరీక్ష ఫలితంతో కలిపి ఒక సమావేశం. ఆ వరస చాలు.

సిస్టర్_ఎన్ఐసీయూ

రోజువారీ సంరక్షణ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నెల దాటిన పిల్లలు నిలిచేది, జారేది ఎక్కువగా పాల దగ్గరే.

మొదటి పాలకు ముందు అన్నవాహిక తెరిచి ఉందో లేదో చూడాలి. ట్రైసోమీ 18లో అది మూసుకుపోయి పుట్టే అవకాశం ఉంది. నోటి ద్వారా వేసిన గొట్టం దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే, నోటి నిండా నురగ వస్తుంటే, పాలు ఇవ్వకుండా ఎక్స్‌రే తీయించాలి.

ముక్కు గొట్టానికి 5 లేదా 6 ఫ్రెంచ్ (గొట్టం మందం కొలత) చాలు. ముక్కు కొన నుంచి చెవి తమ్మె, అక్కడి నుంచి రొమ్ము ఎముక చివరకు, బొడ్డుకు మధ్య బిందువు దాకా కొలుస్తాం. ఈ పిల్లలకు రొమ్ము ఎముక పొట్టిగా ఉంటుంది కాబట్టి కొలత తక్కువ వచ్చి, గొట్టం కొన అన్నవాహికలోనే ఉండిపోవచ్చు. కొలత ఒక్కదాన్నే నమ్మకండి. ప్రతిసారీ గొట్టంలోంచి పొట్టలోని ద్రవం కొద్దిగా లాగి పీహెచ్ (ఆమ్లత చూపే) కాగితం మీద వేయాలి. 5.5 లేదా అంతకు తక్కువ ఉంటేనే పాలు. ఆమ్లం తగ్గించే మందు వాడుతున్న బిడ్డకు పీహెచ్ ఎక్కువగా చూపిస్తుంది. అప్పుడు ఎక్స్‌రేతో ఒకసారి స్థానం ఖాయం చేసుకుని, ముక్కు దగ్గర సెంటీమీటర్ గుర్తు రాసి పెట్టుకోవాలి, ప్రతి పూటా ఆ గుర్తు కదిలిందేమో చూడాలి.

పరిమాణం: 1.8 కిలోల బిడ్డకు కిలోకి 150 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 270. మూడు గంటలకోసారి, 8 పూటలు, ఒక్కో పూటకు 34. గుండె వైఫల్యం ఉంటే ద్రవం తగ్గించి 130కి తెస్తారు, అప్పుడు రోజుకు 234, పూటకు 29. కానీ తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 67 కిలోకేలరీలే. 130 దగ్గర అవి కిలోకి 87 కిలోకేలరీలే ఇస్తాయి, గుండె బిడ్డకు 120 దాకా కావాలి. కాబట్టి ఫార్టిఫయర్ (పాలలో శక్తి పెంచేందుకు కలిపేది) కలిపి 100కి 90 కిలోకేలరీల దగ్గరకు తేవాలి. ద్రవం తగ్గించి, శక్తి పెంచడం మరిచిపోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. వారం తిరిగేసరికి బరువు పడిపోతుంది, "ట్రైసోమీ పిల్లలు పెరగరు" అంటారు.

పెరుగుదలను సాధారణ పట్టిక మీద గీస్తే బిడ్డ ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. ట్రైసోమీ 18కి, 13కి విడి పెరుగుదల పట్టికలు ఉన్నాయి. వాటి మీద గీస్తే గీత వంగిన వారం కనిపిస్తుంది.

చిన్న విషయం ఒకటి. కుడి చేతికి ఆక్సిజన్ ప్రోబ్ పెట్టాలంటే పిడికిలి బలవంతంగా విప్పకండి. చూపుడువేలు మధ్యవేలి మీదికి, చిటికెన వేలు ఉంగరపు వేలి మీదికి ఎక్కి ఉంటాయి, లాగితే బిడ్డకు నొప్పి. కుడి మణికట్టు చుట్టూ చుట్టండి, రీడింగ్ వస్తుంది. మడతల్లో తేమ చేరి చర్మం చెడుతుంది కాబట్టి స్నానం తర్వాత వేళ్ల సందులు మెత్తని గుడ్డతో ఆరబెట్టాలి.

టీకాలు వేళకు వేయాలి. ఈ పిల్లల్ని తీసుకుపోయేవాటిలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఒకటి, టీకాలు వదిలేస్తే మనమే దారి తెరిచినట్టు.

గణాంకమిత్ర

మనుగడ పెరిగిందా అని అడిగారు కాబట్టి డౌన్ సిండ్రోమ్ (ట్రైసోమీ 21) సంగతి ఒకటి చెబుతాను. అమెరికా మరణ ధ్రువపత్రాల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి మరణ వయసు మధ్యగతం 1983లో 25 ఏళ్లు, 1997లో 49. పద్నాలుగేళ్లలో 24 ఏళ్లు పెరిగింది. క్రోమోజోమ్ మారలేదు, గుండె ఆపరేషన్లు, సంస్థల్లో వదిలేయకుండా ఇంట్లో పెంచడం, మామూలు వైద్యం అందడం మారాయి.

జన్యు_పట్టిక

ఆ పోలికను పత్రంలో పెట్టొద్దు. ట్రైసోమీ 21తో 18, 13 సమానం కావు, మెదడు లోపాల తీవ్రత వేరు. ట్రైసోమీ 18తో పదేళ్లు దాటిన పిల్లల్లో చాలామంది స్వతంత్రంగా నడవరు, మాట్లాడేది కొన్ని శబ్దాలు, అరుదుగా ఒకటి రెండు మాటలు. తల్లి గొంతు గుర్తుపడతారు, నవ్వుతారు, ఇష్టాయిష్టాలు తెలియజేస్తారు, మెల్లగానే అయినా కొత్తవి నేర్చుకుంటూ ఉంటారు. ఈ రెండూ నిజాలే. ఏదీ దాచకుండా రాయాలి.

కౌన్సెలింగ్_డెస్క్

ఇప్పటిదాకా వచ్చినదాంతో ఎన్ఐసీయూ పత్రానికి ఈ పేరా రాశాం, చూడండి:

"ట్రైసోమీ 18తో సజీవంగా పుట్టిన 100 మంది పిల్లల్లో సుమారు 40 మంది నాలుగు వారాలు, 11 నుంచి 13 మంది ఏడాది దాటుతున్నారు. ఏడాది దాటినవారిలో ఎక్కువమంది ఐదేళ్లు కూడా దాటుతున్నారు. ఈ అంకెల్లో చికిత్స తీసుకున్నవారు, తీసుకోనివారు ఇద్దరూ ఉన్నారు. పూర్తి స్థాయి చికిత్స ఇచ్చిన చోట్ల అంకెలు మెరుగ్గా ఉన్నాయి, అయినా ఎక్కువమంది ఏడాదిలోపే చనిపోయారు."

గణాంకమిత్ర

బాగుంది. "మంది" లెక్కలో రాయడం శాతాల కంటే సులువు. కింద ఒక వాక్యం కలపండి: "మీ బిడ్డ ఇప్పుడున్న వయసు నుంచి లెక్క మళ్లీ అడగండి." మధ్యగతం అసలు రాయనందుకు సంతోషం.

శిశువైద్య_నైట్‌డ్యూటీ

"చికిత్స తీసుకోనివారు" అన్నది మార్చండి. ఉపశమన వైద్యం ఎంచుకున్న కుటుంబం బిడ్డకు ఏమీ చేయలేదన్న నింద అందులో వినిపిస్తుంది. నొప్పి, ఆయాసం తగ్గించడం, ఒళ్లో పెట్టుకుని పాల చుక్క తినిపించడం కూడా వైద్యమే. "ప్రాణం నిలిపే చికిత్స ఎంచుకున్నవారు, ఉపశమన వైద్యం ఎంచుకున్నవారు" అని రాయండి. ఆ ఎంపిక ఒక్కరోజులో ఖాయం కాదని, బిడ్డ స్థితిని బట్టి మార్చుకోవచ్చని, రెండూ కలిపి కూడా నడపొచ్చని ఒక వాక్యం ఉండాలి.

కౌన్సెలింగ్_డెస్క్

మార్చాం. చివరి రెండు ప్రశ్నలు: తల్లిదండ్రులకు జన్యుపరీక్ష అవసరమా? నెలలు దాటిన పిల్లల ఫాలోఅప్‌లో ఏం రాయాలి?

జన్యు_పట్టిక

బిడ్డకు ఎఫ్ఐఎస్‌హెచ్ లేదా క్యూఎఫ్ పీసీఆర్ అనే త్వరిత జన్యుపరీక్షలతో ఒకటి రెండు రోజుల్లో జవాబు వస్తుంది, కానీ అక్కడితో ఆగకూడదు. పూర్తి కారియోటైప్ పంపాలి. మూడు క్రోమోజోములు విడిగా ఉన్నాయా, ఒకటి ఇంకోదానికి అతుక్కుని ఉందా అన్నది అందులోనే కనిపిస్తుంది. ట్రైసోమీ 13లో దాదాపు 20 శాతం అతుక్కున్న రకం. అతుక్కుంటేనే తల్లిదండ్రుల కారియోటైప్ అవసరం. విడిగా ఉంటే తర్వాతి గర్భంలో మళ్లీ వచ్చే అవకాశం దాదాపు 1 శాతం, తల్లి వయసు వల్ల వచ్చే ముప్పు అంతకంటే ఎక్కువైతే అది. తల్లికో తండ్రికో 13వ, 14వ క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే సజీవ ట్రైసోమీ 13 ముప్పు తక్కువే. రెండు 13లూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ఆరోగ్యవంతమైన గర్భం సాధ్యం కాదు. ఈ రెండు పరిస్థితుల మధ్య తేడా కుటుంబానికి చాలా పెద్దది, కారియోటైప్ లేకుండా చెప్పలేం.

గర్భంలో తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన నిర్ధారణ కాదు. అక్కడ కొలిచేది మావి నుంచి వచ్చిన డీఎన్ఏ. మావిలో మాత్రమే ట్రైసోమీ ఉండి బిడ్డలో లేకపోవచ్చు. ఉమ్మనీటి పరీక్ష అయ్యాకే మనుగడ అంకెల సంభాషణ.

శిశువైద్య_నైట్‌డ్యూటీ

ఫాలోఅప్‌లో తరచుగా మరిచిపోయేది కణితుల పరీక్ష. ఎక్కువ కాలం బతికే ట్రైసోమీ 18 పిల్లల్లో కాలేయానికి హెపటోబ్లాస్టోమా, మూత్రపిండానికి విల్మ్స్ కణితి వచ్చే ముప్పు మామూలు కంటే ఎక్కువ. మూడు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్, మొదటి మూడు నాలుగేళ్లు దాంతోపాటు రక్తంలో ఆల్ఫా ఫీటోప్రొటీన్ (కాలేయ కణితి ఉంటే పెరిగే ప్రొటీన్). మూత్రపిండాలకు ఏడేళ్లు నిండేదాకా. మొదటి నెలల్లో ఆల్ఫా ఫీటోప్రొటీన్ ఏ బిడ్డకైనా చాలా ఎక్కువే ఉంటుంది కాబట్టి ఒక్క అంకె చూసి భయపడొద్దు, వయసుకు తగ్గట్టు దిగుతోందా లేదా అన్నది చూడాలి.

వాటితోపాటు వినికిడి పరీక్ష, కళ్లు, ఏడాది తర్వాత వెన్నెముక వంపు. వినికిడి లోపం ఉండి పరికరం పెట్టని బిడ్డను "స్పందించడం లేదు" అని రాసిపెట్టడం జరుగుతూనే ఉంది, కాబట్టి ఆ పరీక్షను పట్టికలో మొదటి వరసలో పెట్టండి.